స్ట్రోక్ వచ్చింది మెదడుకు, దెబ్బ తగిలింది గుండెకు: యాంజియోలో బ్లాకులు లేవంటున్నారు, మరి పంపింగ్ ఎందుకు తగ్గింది?

నిద్రలేని_కూతురు · ఆదివారం, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నకు 67 ఏళ్లు. ఆరు రోజుల క్రితం పొద్దున్నే లేచి, మంచం మీద కూర్చుని షర్టు గుండీలు పెట్టుకుంటున్నారు. కుడిచేత్తో ఒకే గుండీని పట్టుకుని పదేపదే తిప్పుతున్నారు. ఎడమ చెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. "నాన్నా, ఆ చెయ్యి కూడా పెట్టండి" అంటే "పెట్టాను కదమ్మా" అన్నారు. ఆ చెయ్యి పడిపోయిన సంగతే ఆయనకు తెలియలేదు.

వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాం. మెదడు కుడివైపు పెద్ద స్ట్రోక్ అన్నారు. నిద్రలో ఎప్పుడు మొదలైందో తెలియదు కాబట్టి గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇవ్వడం కుదరలేదు. మొదటి రెండు రోజులు నిలకడగానే ఉన్నారు. మూడో రోజు తెల్లవారుజామున ఆయాసం మొదలైంది. ఈసీజీ మారిపోయిందన్నారు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ అనే పదార్థం పెరిగిందన్నారు. ఎకో చేస్తే గుండె పంపింగ్ 35 శాతం. హార్ట్ ఎటాక్ అనుకుని యాంజియో చేశారు. ఒక్క బ్లాకు కూడా లేదు! పోయినేడాది చేయించిన ఎకోలో పంపింగ్ 60 ఉంది.

కార్డియాలజిస్టును అడిగితే "స్ట్రోక్ తర్వాత స్ట్రెస్ హార్మోన్లు ఎక్కువగా విడుదలై గుండె దెబ్బతిందమ్మా, చూద్దాం" అని నడుస్తూనే చెప్పి వెళ్లిపోయారు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు.

స్ట్రెస్ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. రెండో రోజు సాయంత్రం నాన్న మంచం పక్కనే నేనూ తమ్ముడూ గట్టిగా వాదించుకున్నాం, వేరే ఆస్పత్రికి మార్చాలా వద్దా అని. నేను ఆయన ముందే ఏడ్చాను. తెల్లారేసరికి ఇలా అయింది. మేమే ఆయనకు టెన్షన్ పెట్టామా? దయచేసి తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

---

రాత్రి_డ్యూటీ · సోమవారం, తెల్లవారుజాము 3:20

అక్కా, మిగతావన్నీ తర్వాత. మీ ఏడుపు వల్ల, మీ వాదన వల్ల నాన్నగారి గుండె దెబ్బతినలేదు.

నేను న్యూరో ఐసీయూలో పదకొండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ఇదే పరిస్థితిని పూర్తిగా స్పృహ లేని పేషెంట్లలో చూశాను. వెంటిలేటర్ మీద, మత్తుమందులో, ఎవరొచ్చారో ఎవరెళ్లారో తెలియని మనిషికి కూడా మానిటర్ మీద ఈసీజీ గీత ఉన్నట్టుండి రూపం మార్చుకుంటుంది. వాళ్లకు బాధపడటానికి స్పృహే లేదు కదా. మనం టెన్షన్ అనుకునేది వేరు, ఇక్కడ డాక్టర్లు స్ట్రెస్ అనేది వేరు. ఇది మనసు పడే ఆందోళన కాదు, దెబ్బతిన్న మెదడు నుంచి నాడుల ద్వారా దిగే తుఫాను.

మీరు ఆయన పక్కన కూర్చుని మాట్లాడండి. ఎడమవైపు ఆయన ధ్యాస ఉండదు కాబట్టి ప్రస్తుతానికి కుడివైపు నిలబడండి.

డ్యూటీలో ఉన్నాను, పొద్దున మళ్లీ రాస్తాను.

---

నాడీ_పాఠం · సోమవారం, ఉదయం 7:05

నేను శరీరధర్మశాస్త్రం పాఠాలు చెబుతాను. రాత్రి_డ్యూటీ గారు చెప్పింది అక్షరాలా నిజం. కూతురమ్మా, మీ డాక్టరు గారి ఒక్క వాక్యం వెనక ఏం జరిగిందో కాస్త విడమర్చి రాస్తాను. పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మెదడు పక్కభాగంలో, పైకి కనిపించకుండా మడతల లోపల దాక్కున్న ఒక ప్రాంతం ఉంది. పేరు ఇన్సులా. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, బీపీ ఎంత ఉండాలి అన్న సర్దుబాట్లు చేసే చోట్లలో ఇది ముఖ్యమైనది. దీనికి రక్తం మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ నుంచి అందుతుంది. గడ్డ అడ్డుపడి వచ్చే పెద్ద స్ట్రోకులు ఎక్కువగా ఆ నాళం పరిధిలోనే వస్తాయి. కాబట్టి చెయ్యీ కాలూ పడిపోయిన చాలామందిలో ఇన్సులా కూడా ఎంతోకొంత దెబ్బతిని ఉంటుంది.

గుండెకు రెండు రకాల నాడులు వెళ్తాయి. సింపథెటిక్ నాడులు ఉరికిస్తాయి, వేగస్ నాడి నెమ్మది చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మెదడు ఈ రెండు పగ్గాలనూ కలిపి పట్టుకుంటుంది. స్ట్రోకులో పట్టు తప్పుతుంది. ఉరికించే నాడులు విజృంభిస్తాయి, నెమ్మది చేసే నాడి బలహీనపడుతుంది.

ఇక హార్మోన్లు. చాలామంది పుస్తకాల్లో చదివేది ఏమిటంటే మెదడు ఆజ్ఞ ఇస్తే మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను, కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయని. స్ట్రోకులో అదీ జరుగుతుంది. డయాబెటిస్ లేనివాళ్లకు కూడా స్ట్రోక్ వచ్చిన రోజు షుగర్ పెరగడానికి అదొక కారణం. కానీ గుండెను అసలు దెబ్బతీసేది రక్తంలో తిరిగే హార్మోను కన్నా, గుండె కండరంలోకి చొచ్చుకుపోయి ఉన్న నాడుల కొసల నుంచి నేరుగా అక్కడికక్కడే కుమ్మరించబడే నార్ అడ్రినలిన్. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ సంగతి తేటతెల్లంగా తెలిసింది. అడ్రినల్ గ్రంథుల్ని తీసేసినా మెదడు వల్ల గుండెకు కలిగే దెబ్బ ఆగలేదు. గుండెకు వెళ్లే సింపథెటిక్ నాడుల దారి తెంపితే ఆగింది.

ఇప్పుడు ఒక్క గుండె కణాన్ని ఊహించుకోండి. కాల్షియం లోపలికి వస్తే బిగుస్తుంది, కాల్షియం వెనక్కి పోతే వదులవుతుంది. నార్ అడ్రినలిన్ వచ్చి తగిలితే కాల్షియం తలుపులు ఇంకాస్త తెరుచుకుంటాయి, గుండె బలంగా కొట్టుకుంటుంది. మెట్లెక్కేటప్పుడు మనకు జరిగేది అదే. కానీ మోతాదు మితిమీరితే తలుపులు తెరుచుకునే ఉంటాయి, కాల్షియం వరదలా నిండిపోతుంది, కణం బిగుసుకున్నది బిగుసుకున్నట్టే ఉండిపోతుంది. వదులవడానికి కావలసిన శక్తి కూడా దాని దగ్గర అయిపోతుంది.

హార్ట్ ఎటాక్‌లో రక్తం అందక చచ్చిపోయే కణం వాడిపోయి, వదులైపోయి చచ్చిపోతుంది. ఈ కణం పిడికిలి బిగించి చచ్చిపోతుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే కణానికి అడ్డంగా ముదురు రంగు చారలు కనిపిస్తాయి, అవి కుంచించుకుపోయిన కండర తంతువులు. అవి కూడా ఒక రక్తనాళం పరిధిలో కాకుండా నాడుల కొసల చుట్టూ అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా ఉంటాయి. విద్యార్థులకు ఈ రెండు స్లైడ్లూ పక్కపక్కన చూపించిన ప్రతిసారీ గదిలో చప్పుడు ఆగిపోతుంది.

మీ నాన్నగారి యాంజియోలో బ్లాకు కనపడకపోవడానికి కారణం ఇదే. దెబ్బ రక్తనాళం దారిలో రాలేదు, నాడి దారిలో వచ్చింది.

ఇంకొక్క మాట, ఇది మీకు ధైర్యం కోసం. పంపింగ్ 60 నుంచి 35కి పడిందంటే ఆ మేరకు కండరమంతా చచ్చిపోయిందని కాదు. చచ్చిపోయేవి కొన్ని కణాలే. ఎక్కువ భాగం దెబ్బకు స్తంభించి ఉంటుంది. స్తంభించిన కండరం కోలుకుంటుంది.

---

పెద్దబ్బాయి · సోమవారం, ఉదయం 9:31

పెద్దలు చెప్పింది కాదనను కానీ, మా బాబాయి విషయంలో ఇదే మాట విని మోసపోయాం. స్ట్రోక్ వచ్చిన రెండో రోజు ట్రోపోనిన్ పెరిగితే "స్ట్రోక్ వల్లే, మామూలే" అని వదిలేశారు. మూడు వారాల తర్వాత గుండెపోటు వచ్చింది. అప్పుడు చూస్తే మూడు బ్లాకులు. పేరు చెప్పను కానీ ఆ ఆస్పత్రి మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు. హార్మోన్ల వల్ల అని సర్దిచెప్పుకుని గుండెను పట్టించుకోకుండా ఉండొద్దని మాత్రం అందరికీ చెప్పదలచుకున్నాను.

---

గుండెవైపు · సోమవారం, మధ్యాహ్నం 2:15

నేను కార్డియాలజీలో శిక్షణలో ఉన్న డాక్టరును. పెద్దబ్బాయి గారూ, మీ కోపం న్యాయమైనదే. ఈ విషయంలో రెండు తప్పులు జరుగుతుంటాయి. ఒకటి మీ బాబాయి గారికి జరిగింది. రెండోది దానికి తలకిందులు: ట్రోపోనిన్ పెరిగిన ప్రతి స్ట్రోక్ పేషెంటునూ హార్ట్ ఎటాక్ అనుకుని, రక్తం పలచబడే మందులు రెండు మూడు కలిపి గట్టిగా ఇచ్చెయ్యడం. అప్పుడే దెబ్బతిన్న మెదడులో ఆ మందుల వల్ల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది. అందుకే ఇది ఏదో తేల్చుకోవడం మాకు నిజంగా ముఖ్యం.

బెర్లిన్‌లో ఈ ప్రశ్న మీదే ఒక అధ్యయనం చేశారు, 2016లో వచ్చింది. ట్రోపోనిన్ పెరిగిన 29 మంది స్ట్రోక్ పేషెంట్లకు యాంజియో చేసి, అదే వయసున్న 29 మంది హార్ట్ ఎటాక్ పేషెంట్లతో పోల్చారు. హార్ట్ ఎటాక్ వాళ్లలో 23 మందికి దానికి కారణమైన బ్లాకు దొరికింది. స్ట్రోక్ వాళ్లలో 7 మందికే దొరికింది. దాదాపు సగం మందికి గుండె రక్తనాళాల్లో జబ్బే కనపడలేదు. చిన్న అధ్యయనమే అయినా మా ఆలోచనను మార్చింది. అయితే ఆ 7 మందిని మరిచిపోకూడదు. మీ బాబాయి గారి లాంటివాళ్లు వాళ్లే. స్ట్రోకుకూ గుండెపోటుకూ బీపీ, షుగర్, పొగతాగడం అన్నీ ఉమ్మడి కారణాలు కదా, ఒకే మనిషికి రెండూ ఉండటం వింతేమీ కాదు.

మేం ఎలా తేలుస్తామంటే, ట్రోపోనిన్ ఒక్కసారి చూసి వదలం. కొన్ని గంటల తేడాతో మళ్లీ చేసి, పెరుగుతోందా తగ్గుతోందా, అలాగే ఉందా అని చూస్తాం. కిడ్నీ జబ్బు, పాత గుండె జబ్బు ఉన్నవాళ్లకు అది ఎప్పుడూ కాస్త ఎక్కువగానే ఉండి కదలదు. పెరిగి తగ్గుతుంటే కొత్తగా ఏదో జరిగినట్టు. తర్వాత ఎకో. హార్ట్ ఎటాక్‌లో ఒక నాళం రక్తం అందించే గోడ మాత్రమే కదలదు. నాడుల వల్ల వచ్చే దెబ్బలో గోడలు కదలకపోవడం ఏ ఒక్క నాళం హద్దులోనూ ఇమడదు. కొన్నిసార్లు గుండె కొన మొత్తం బెలూనులా ఉబ్బి కదలకుండా ఉండి, పై భాగం మాత్రం గట్టిగా బిగుస్తూ కనిపిస్తుంది.

కూతురు గారూ, మీ నాన్నగారికి ఛాతీలో నొప్పి ఉందని ఎప్పుడైనా చెప్పారా? చెప్పి ఉండకపోవచ్చు. తన ఎడమ చెయ్యి పడిపోయిన సంగతే తెలియని మనిషి ఛాతీ నొప్పి గురించి ఏం చెబుతారు? మెదడు ఎడమవైపు స్ట్రోక్ అయితే కొందరికి మాటే రాదు. అందుకే స్ట్రోక్ పేషెంటు నొప్పి లేదన్నా ఈసీజీ, ట్రోపోనిన్ మొదటి రోజే చెయ్యాలి, కనీసం మొదటి 24 గంటలు గుండెను మానిటర్ మీద ఉంచాలి. మార్గదర్శకాలు కూడా అదే చెబుతున్నాయి.

---

శేషు_మాటలు · సోమవారం, రాత్రి 8:50

ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. నా భార్యకు నాలుగేళ్ల క్రితం, 58 ఏళ్ల వయసులో, మెదడులో ఉబ్బిన రక్తనాళం చిట్లి రక్తస్రావం అయింది. గడ్డ అడ్డుపడిన స్ట్రోక్ కాదు, రక్తం కారిన స్ట్రోక్. వాకిట్లో నిలబడి "తల పగిలిపోతోంది" అని ఒక్క మాట అని కూలిపోయింది. అంబులెన్సులో తీసిన ఈసీజీ చూసి ముందు హార్ట్ ఎటాక్ అనుకున్నారు. స్కాన్ చేశాకే అసలు సంగతి తెలిసింది.

ఆమె ఎకోను డాక్టరు గారు నాకు తెర మీద చూపించారు. మెడ సన్నగా, కింద గుండ్రంగా ఉన్న కుండలా ఉంది గుండె. కింది భాగం అసలు కదలడం లేదు. టకోట్సుబో అన్నారు. జపాన్‌లో ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరట అది. హిరోషిమాలో హికారు సాటో అనే డాక్టరు బృందం 1990లో ఆ పేరు పెట్టిందని తర్వాత చదివాను. ఆప్తుల మరణం లాంటి పెద్ద దుఃఖంలో వచ్చే "పగిలిన గుండె" జబ్బు కూడా ఇదేనట. మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలో ఎక్కువ.

ఊపిరితిత్తుల్లో నీరు కూడా చేరింది. పన్నెండు రోజులు ఐసీయూలో ఉంది. రక్తనాళానికి చికిత్స చేశారు. ఆరు వారాలకు చేసిన ఎకోలో గుండె పూర్తిగా మామూలుగా ఉంది. నేను రెండుసార్లు అడిగాను, ఇది ఆవిడ రిపోర్టేనా అని.

కూతురమ్మా, మెదడు కోలుకోవడానికి గుండె కన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది. మా ఆవిడకు ఇప్పటికీ కొన్ని మాటలు దొరకవు. గుండె సంగతి మాత్రం ముందు చక్కబడుతుందని ఆశ పెట్టుకోండి.

---

నిద్రలేని_కూతురు · సోమవారం, రాత్రి 10:30

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రాత్రి_డ్యూటీ గారి మొదటి మాట తమ్ముడికి చదివి వినిపించాను. వాడు కూడా అదే బరువు మోస్తున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

ఇంకా మూడు సందేహాలు ఉన్నాయి. మొదటి రెండు రోజులు నాన్న బీపీ 190 పైన ఉన్నా ఎవరూ తగ్గించలేదు. అది నిర్లక్ష్యం కాదా? స్ట్రెస్ హార్మోన్లే కారణమైతే వాటిని అడ్డుకునే మాత్రలు, బీటా బ్లాకర్లు, మొదటి రోజే ఎందుకు ఇవ్వరు? స్ట్రోక్ మొదటి రోజు వస్తే గుండె మూడో రోజున ఎందుకు?

---

రాత్రి_డ్యూటీ · మంగళవారం, ఉదయం 8:40

బీపీ సంగతి నేను చెబుతాను. గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇవ్వని పేషెంటుకు మొదటి రోజుల్లో బీపీ 220/120 దాటితే తప్ప, వేరే అత్యవసర కారణం లేకపోతే, మందులు పెట్టి దించరు. గడ్డ చుట్టూ ఉన్న మెదడు భాగం చావుబతుకుల్లో ఉంటుంది. పక్కదారుల్లో వచ్చే కాస్త రక్తం మీద అది బతుకుతుంది. బీపీ ఒక్కసారిగా దించితే ఆ రక్తం కూడా ఆగిపోతుంది. ఇంజెక్షన్ ఇచ్చిన పేషెంటుకైతే లెక్క వేరు, అక్కడ రక్తస్రావం భయం కాబట్టి 180/105 లోపు ఉంచుతాం. కాబట్టి అక్కా, అది నిర్లక్ష్యం కాదు. కాకపోతే ఆ మాట మీకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

మేం నర్సులం ఈ రోజుల్లో మానిటర్ మీద దేనికోసం కళ్లు పెట్టుకుని చూస్తామో కూడా రాస్తాను, ఇంట్లోవాళ్లకు తెలిస్తే మంచిది. ఈసీజీ గీతలో ప్రతి కొట్టుకోవడం చివర టీ అనే చిన్న గుట్ట ఉంటుంది. మెదడు దెబ్బలో అది తలకిందులై, లోతుగా, వెడల్పుగా గొయ్యిలా మారుతుంది. ఒకసారి చూస్తే మరిచిపోలేం. దానితోపాటు క్యూటీ అనే దూరం, అంటే గుండె కింది గదులు ఒకసారి బిగిసి మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం, సాగుతుంది. కాగితం మీద చిన్న గడులు లెక్కపెడతాం. ఒక్కో గడి 40 మిల్లీసెకన్లు. గుండె వేగానికి సరిచేశాక 500 దాటిందంటే వెంటనే డాక్టరుకు ఫోన్ చేస్తాం, ప్రమాదకరమైన లయ తప్పే అవకాశం ఉంటుంది కాబట్టి. పొటాషియం, మెగ్నీషియం తక్కువగా ఉంటే సరిచేస్తాం. వాంతులకిచ్చే ఆండాన్సెట్రాన్, కంగారుకిచ్చే హాలోపెరిడాల్, అజిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ కూడా క్యూటీని పెంచుతాయి. నాన్నగారికి ఇంతకుముందు నుంచి వాడుతున్న మందులుంటే ఒక్కటి కూడా వదలకుండా రాసి ఇవ్వండి.

ఇంకోటి. నొప్పి, జ్వరం, మూత్రం ఆగిపోవడం, ఆక్సిజన్ తగ్గడం, ఇవన్నీ ఆ సింపథెటిక్ మంటకు నెయ్యి పోస్తాయి. అర్ధరాత్రి విసుక్కుంటూ పేషెంటు కదులుతుంటే మేం ముందు చూసేది మూత్రం గొట్టం మడతపడిందా అని.

---

గుండెవైపు · మంగళవారం, మధ్యాహ్నం 1:05

బీటా బ్లాకర్ల గురించి. మీ ఆలోచనలో తర్కం ఉంది, మాకూ మొదట అదే తోస్తుంది. కానీ స్ట్రోక్ వచ్చిన అందరికీ మొదటి రోజే అవి మొదలుపెడితే మేలు జరుగుతుందని రుజువు కాలేదు. బీపీ పడిపోతే మెదడుకు నష్టం, పంపింగ్ బాగా తగ్గి ఉన్న గుండెకు అవి ఒక్కసారిగా ఇస్తే ఇంకో నష్టం. అవసరం ఉన్నవాళ్లకు, నిలకడ వచ్చాక, చిన్న మోతాదుతో మొదలుపెడతాం. అయితే స్ట్రోకుకు ముందు నుంచే బీటా బ్లాకర్ వాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే అది కూడా ప్రమాదమే. మింగలేని స్థితిలో ఉన్నారని మాత్రలన్నీ ఆపేసినప్పుడు ఇది జరుగుతుంది. ఇంట్లోవాళ్లు గుర్తుచేస్తే మాకు నిజంగా ఉపకారం.

మూడో రోజు ఎందుకంటే: నార్ అడ్రినలిన్ విడుదల ఒక్క క్షణం జరిగి ఆగేది కాదు. మెదడు రక్తస్రావం కేసుల్లో వారం పది రోజుల దాకా ఎక్కువగానే ఉంటుందని కొలిచి చూశారు. గడ్డ అడ్డుపడిన పెద్ద స్ట్రోకుల్లో రెండు మూడు రోజులకు మెదడు వాపు పెరుగుతుంది. తీవ్రమైన గుండె సమస్యలు ఎక్కువగా కనపడేది కూడా ఆ రోజుల్లోనే. మీ వాదన జరిగిన సాయంత్రం ఆ రోజుల మధ్యలో పడింది, అంతే.

---

చదువరి · మంగళవారం, రాత్రి 9:12

నేను వైద్యుణ్ణి కాదు, వైద్య చరిత్ర చదివే అలవాటున్నవాణ్ణి. దీని వెనక ఎంత పాత కథ ఉందో చెప్పాలనిపించింది.

వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1942లో, శాపం తగిలిందని నమ్మినవాళ్లు నిజంగానే చనిపోవడం గురించి వ్యాసం రాశాడు. భయం వల్ల సింపథెటిక్ నాడులు అదుపు తప్పి చావుకు దారితీస్తాయని ఆయన ఊహ. మెదడు దెబ్బ తగిలినవాళ్ల ఈసీజీలో మార్పుల్ని 1947లో బయ్యర్, ఆష్‌మన్, టోత్ గమనించారు. 1954లో బర్చ్ బృందం ఆ గొయ్యి లాంటి టీ తరంగాలను వివరంగా రాసింది. అంటే రాత్రి_డ్యూటీ గారు మానిటర్ మీద చూసేది 70 ఏళ్లకు పైగా డాక్టర్లు చూస్తున్నదే.

1992లో ఓపెన్‌హైమర్ బృందం మూర్ఛవ్యాధికి ఆపరేషన్ చేయించుకుంటున్నవారి ఇన్సులాను స్వల్ప విద్యుత్తుతో తాకి చూసింది. కుడివైపు తాకితే గుండె వేగం, బీపీ పెరగడం ఎక్కువగా కనిపించింది. ఎడమవైపు తాకితే తగ్గడం ఎక్కువ. మెదడులో ఒక చిన్న చోటును తాకితే గుండె వేగం మారడం! ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

2018లో బెర్లిన్ డాక్టర్లు, కెనడా న్యూరాలజిస్ట్ హాచిన్‌స్కీ కలిసి వీటన్నిటికీ "స్ట్రోక్-హార్ట్ సిండ్రోమ్" అని ఒక పేరు ఇచ్చారు. స్ట్రోక్ తర్వాత దాదాపు నెల లోపు గుండెలో వచ్చే ఇబ్బందులన్నీ, అంటే ట్రోపోనిన్ పెరగడం, పంపింగ్ తగ్గడం, లయ తప్పడం, గుండెపోటు, ఒక గొడుగు కిందకి వచ్చాయి.

ఇక 2024లో మ్యూనిక్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన పని మరీ ఆలోచింపజేస్తుంది. స్ట్రోక్ జ్ఞాపకం ఎముక మజ్జలోని రోగనిరోధక కణాల్లో మిగిలిపోయి, అవి నెలల తర్వాత కూడా గుండెలోకి చేరి కండరాన్ని గట్టిపరుస్తున్నాయని చూపారు. ఇంటర్ల్యూకిన్-1 బీటా అనే వాపు పదార్థాన్ని అడ్డుకుంటే ఆ నష్టం తగ్గింది. మొదటి రోజుల్లో దెబ్బ హార్మోన్లది, తర్వాతి నెలల్లో వాపుది కావచ్చని నాకు అర్థమైంది.

---

పెద్దబ్బాయి · బుధవారం, ఉదయం 7:45

గుండెవైపు గారూ, ఆ 7 మంది మాట రాసినందుకు ధన్యవాదాలు. మా పిన్నికి చదివి వినిపించాను. ఇంకో ప్రశ్న. మా బాబాయికి అప్పుడే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం, కూడా కనపడింది. అది స్ట్రోకుకు కారణమా, స్ట్రోక్ వల్ల వచ్చిందా? ఒక్కో డాక్టరు ఒక్కోటి చెప్పారు.

---

గుండెవైపు · బుధవారం, సాయంత్రం 6:20

రెండూ జరుగుతాయి. ముందు నుంచి ఉన్న ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పై గదిలో రక్తం నిలిచి, గడ్డకట్టి, మెదడుకు వెళ్లి స్ట్రోక్ తెస్తుంది. ఇది అందరికీ తెలిసిన దారి. కొందరికి ఇన్సులా దెబ్బ వల్ల, సింపథెటిక్ ఉరవడి వల్ల, పై గది గోడల్లో వచ్చే వాపు వల్ల స్ట్రోక్ తర్వాతే కొత్తగా లయ తప్పుతుంది. రెండో రకంలో అది కొన్ని క్షణాలో నిమిషాలో వచ్చి పోతుండవచ్చు, పై గది సాగి ఉండకపోవచ్చు. ఒక్కో డాక్టరు ఒక్కోటి చెప్పడం అందుకే. ఏ రకమైనా కనపడ్డాక వదిలేయం. గడ్డకట్టకుండా మందు ఎప్పుడు మొదలుపెట్టాలన్నది స్ట్రోక్ ఎంత పెద్దదో చూసి న్యూరాలజిస్టు, కార్డియాలజిస్టు కలిసి తేలుస్తారు.

---

నిద్రలేని_కూతురు · 5 వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 4:10

ఈ చర్చ మళ్లీ తెరుస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీకు చెప్పకుండా ఉండలేను.

నాన్నకు నిన్న ఎకో చేశారు. ఈసారి నన్ను లోపలికి రానిచ్చారు. శేషు గారూ, మీరు చెప్పిన తెర ముందు నేనూ నిలబడ్డాను. గోడలన్నీ కలిసి బిగిసి, కలిసి వదులవుతున్నాయి. పంపింగ్ 54 శాతం. టీ తరంగాలు ఇంకా కాస్త తలకిందులుగానే ఉన్నాయి, అవి నెమ్మదిగా సర్దుకుంటాయన్నారు. క్యూటీ 440కి వచ్చింది.

మూడో వారంలో ఇంటికి తెచ్చాం. ఎడమ కాలు కదుపుతున్నారు, పట్టుకుంటే నాలుగడుగులు వేస్తున్నారు. చెయ్యి ఇంకా రాలేదు. కానీ ఇప్పుడు ఆ చెయ్యి ఉందని ఆయనకు తెలుసు. పొద్దున షర్టు వేసేటప్పుడు కుడిచేత్తో ఎడమ చేతిని ఎత్తి తనే చొక్కా చేతిలోకి దూర్చారు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందేమో చూడటానికి 14 రోజులు అంటించుకునే మానిటర్ పెట్టమన్నారు. గుండెవైపు గారూ, స్నానం చేయించేటప్పుడు అది తడవకుండా ఏం చెయ్యాలి? రాత్రి పడుకున్నప్పుడు ఆయన గీక్కుంటున్నారు కూడా.

---

రాత్రి_డ్యూటీ · శనివారం, రాత్రి 9:55

అక్కా, 54! డ్యూటీ గదిలో అందరికీ చెప్పాను.

మానిటర్ సంగతి నేను చెబుతా. మొదటి రోజంతా తడవనివ్వకండి, అంటు బాగా పట్టుకోవాలి. తర్వాత ఒళ్లు తుడవడం, లేదా వీపు మీద నుంచి నీళ్లు పొయ్యడం, చాలా రకాలకు ఇబ్బంది ఉండదు. దాని డబ్బాలో ఉన్న కాగితం మాత్రం ఒకసారి చూడండి. దాని మీద సబ్బు, నూనె, పౌడరు వద్దు. దురద వస్తే అంచుల చుట్టూ చల్లటి తడిగుడ్డతో అద్దండి. చర్మం ఎర్రగా కమిలినా, పొక్కులు వచ్చినా పీకెయ్యకుండా ముందు వాళ్లకు ఫోన్ చెయ్యండి. రాత్రిపూట ముందు గుండీలున్న మెత్తటి నూలు చొక్కా వేస్తే చెయ్యి నేరుగా తగలదు.

గుండె దడగా ఉందని ఆయన చెప్పినప్పుడల్లా మానిటర్ మీద బటన్ నొక్కి, టైము ఒక కాగితం మీద రాసి పెట్టండి. చెప్పకపోయినా, ఆయాసంగానో నీరసంగానో కనిపిస్తే మీరే నొక్కండి.